సగం తొక్కితే పడే గేరు

"గా బీర్పూర్ తొవ్వల ఇయ్యాల పోకురా కొడుకా. అడివిల అన్నలు తుపాకులు పట్టుకొని తిరుగుతుండ్రట."

జగిత్యాలలో దొర తలదాచుకున్న కిరాయి ఇంటి ముందు, పాత కారు బానెట్ ఎత్తి డ్రైవర్ క్లచ్ తీగ సరిచేస్తున్నాడు. సద్దిగిన్నె పట్టుకొని అతని తల్లి పక్కనే నిలబడింది.

"నాకేమైతదే అవ్వ? అన్నలకు పంచాది దొరతోని. డ్రైవర్‌తోని ఏం పని?"

"మొన్న అడివిల కారు ఆపి, వెనుక సీట్ల కూసున్న తెల్లబట్టలాయనను కాల్చిండ్రట గదా?"

"డ్రైవర్‌ను ఏమన్లేదట. బీడీ అడుక్కొని తాగిండ్రట."

"నవ్వకు. దొర పొద్దుగాల తన తెల్లంగి నీకిచ్చినప్పుడే నాకు భయమైంది. ఎన్నడన్న గుడ్డపేలిక ఇచ్చిండా?"

"పాతదయిందని ఇచ్చిండు."

"గా తీగను గట్లనే వదిలెయ్. కారు కదలకుంటే ఆయన గూడ ఊకుంటడు."

"ఊకోడు. కొంచెం బిగిస్తే అయిపాయె. పెడల్ సగం తొక్కంగనే గేరు పడాలె."

"సగమెందుకురా? ఇన్నేండ్లు నిండ తొక్కే నడుపుతివి. తాటిచెట్ల లెక్కున్నయి నీ కాళ్లు."

"నాకు గాదు. దొర కాలు పొట్టిగుంటది."

"దొర నడుపుతడా? నువ్వుండంగ?"

"ఇయ్యాల తనే నడుపుత అన్నడు."

"గా తెల్లంగి గూడ ఇయ్యాలనే తొడుక్కొమ్మన్నడా?"

"ఆఁ."

"మరి నువ్వు యాడ కూసుంటవ్ కొడుకా?"

అతని చేతిలో పానా ఆగింది. డోరు తీసి లోపలికి వంగి పెడల్‌ను చేత్తో నొక్కి చూశాడు. గ్రీజు తుడుచుకున్నాడు. నెమ్మదిగా బానెట్ దించాడు. తల్లి చూపు అతని మొహం మీదనే ఉంది.

"వెనుక సీట్ల, అవ్వ."