సూసన్న బావ తోడేళ్ళు

అవి కుక్కలు కావు మురళీ, నక్కలు. మీ హిజ్లీ కాలేజీ హాస్టళ్ళ ఎనకాతల తుప్పల్లో మీకంటే ముందునుంచీ ఉన్నాయి. పొద్దుగూకితే అరుత్తాయి, అంతే, మనిషినేటీ సెయ్యవు. తోడేళ్ళా? తోడేళ్ళు అలగ ఊరి పక్కకొచ్చి గోల సెయ్యవు బాబూ. వాటి సంగతి అడిగితే మా బావని అడగాల. సూసన్న అని, మా అప్ప ఎస్తేరమ్మ పెనిమిటి. పోయి శానా ఏళ్ళయిపోనాది. కూకో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతాది, ఇలగ మంచం మీద కూకో. టీ పెట్టమన్నాను.

బావ గూడ్సు గార్డు. నీకు తెల్దు, గార్డు పనంటే ఒంటిగా సేసీ పని. బండి కొసాకర బ్రేక్ వ్యానులో ఒక్కడే కూకోవాల. ఝాడ్‌గ్రామ్ లైన్లో సిగ్నల్ ఇవ్వకపోతే అడివి మద్దిని గంటలకి గంటలు ఆపీసీవోరు. నానైతే తొంగుందును. బావ తొంగోడు, సూత్తా కూకుంటాడు. అలగ సూత్తంటే ఒకనాడు పట్టాలు దాటుతా ఒకటి కనపడిందంట, గోధుమరంగులో, పొడుగు కాళ్ళు. పట్టాల మద్దిని ఆగి ఇనుముని వాసన సూసి మరీ ఎల్లిందంట. ఇంటికొచ్చి నాతో సెప్పినాడు, "కుక్కలాగే ఉందిరా, కానీ కుక్క మనిషిని సూత్తే ఏదో అడుగుద్ది. అది నన్నేటీ అడగనేదు" అని. అదిగో, అక్కడ పట్టుకుంది ఆయన్ని. ఎనభై ఆరో, ఎనభై ఏడో.

అక్కడినుంచి రెస్టు రోజొత్తే సాలు, మూటలో మురీ, అదే మరమరాలు, కట్టుకోడం, సైకిలెక్కడం. గోల్‌బజార్లో పాత దుర్భిణీ ఒకటి కొన్నాడు, ఒక కన్నే పనిసేసీది దానికి. సలువా దాటి పోతే జీడితోటలు, వాటి అవతల యుద్ధం నాటి విమానాల రోడ్డు, పగుళ్ళిచ్చి గడ్డి మొలిసీసి ఉండీది. దాని పక్కన వానకి కోసుకుపోయిన ఎర్రమట్టి గెడ్డలు. అక్కడ బోర్లా పడుకొని సూసీవాడు. నాలుగైదేళ్ళు అదే పని. ఓ జంట ఉందిరా అనీవాడు. దానికి కిందటేడు పుట్టిన ఆడపిల్ల ఉందంట, అది వేరే పోకుండా ఉండిపోయి, అమ్మ వేటకెల్తే తమ్ముళ్ళకి కాపలా కాసీదంట. "మీ అప్ప నిన్ను పెంచనేదా, అలాగే" అనీవాడు. అదీ నిజమే, నన్ను మా అప్పే పెంచింది. మా అప్పకి మాత్రం ఒళ్ళు మండిపోయీది. ఎందుకంటే ఆయన తోడేలు దొడ్డికెల్లిన ఎండు ముద్దలు కాగితంలో సుట్టి ఇంటికి తెచ్చీవాడు, ఏటి తిన్నాదో పుల్లతో ఇడదీసి సూడ్డానికి. "ప్రార్థన సేసుకునీ ఇల్లిది, ఇక్కడ ఆ అశుద్ధమేటి నీకు" అని మా అప్ప. ఆయన నవ్వీసి, "ఎస్తేరూ, ఇందలో అన్నీ ఎలక బొచ్చూ రేగిపిక్కలే, మేకబొచ్చు కొంచెమే" అని ఆవిడికే సూపించబోయీవాడు. మా సుభాష్‌పల్లిలో పిల్లలు తోడేలు గార్డు అనీవోరు. అన్నా ఆయనకేటీ పట్టీది కాదు.

ఆ గెడ్డలకి దగ్గర్లో ఓ సంతాల్ వోళ్ళ పేట ఉండీది. అక్కడ ఫూల్మణి అని ఒకామె బావకి మంచినీళ్ళిచ్చీది. మా అప్ప ఆమె పిల్లకి పాత గౌన్లు పంపీది. టుసు పిల్ల పేరు, అప్పుడప్పుడే మాటలొత్తన్నాయి. ఆ పేటోళ్ళందరికీ బావంటే గౌరవమే, నేక్‌డే బాబు అనీవోరు. నేక్‌డే అంటే బెంగాలీలో తోడేలు కదా. మేక పోతే మాత్రం, నీ సుట్టాలే తినీసినాయి బాబూ అని ఎగతాళి.

ఇప్పపూలు రాలీ రోజులు అయి. ఆ రోజు నానూ కూడా ఎల్లినాను, తోడేలు పిల్లలు గుహ బయటికొచ్చి ఆడుతన్నాయి, ఓసారి సూడరా అంటే. మేం ఎల్లీసరికి పేటంతా అల్లకల్లోలం. ఫూల్మణి తెల్లారగట్ల పూలేరడానికెల్లింది, పిల్ల మంచమ్మీద తొంగుంది, తిరిగొచ్చి సూత్తే నేదు. బావిలో సూసినారు, పొదల్లో సూసినారు. ఎవడో అన్నాడు, నేక్‌డే అట్టుకుపోయిందని. ఒకడంటే సాలు కదా. బావ ఆ గుడిసె సుట్టూ వంగి వంగి సూసినాడు. "ఇక్కడ దాని అడుగు ఒక్కటీ నేదు, ఇదంతా మేకలూ మనుషులూ తొక్కిందే" అన్నాడు. "నువ్వు వాటి మనిషివి, నువ్వలాగే అంటావు" అన్నారు వోళ్ళు. అప్పుడు ఫూల్మణి ఒచ్చి బావ సెయ్యి పట్టుకుంది. అరవనేదు. "దాదా, అవెక్కడుంటాయో నీకు తెలుసు. తీసుకెల్లు. నా పిల్ల అక్కడ నేదని నానే సూసుకుంటాను" అంది. బావ నా మొహం సూసినాడు. పిల్లని పోగొట్టుకున్న తల్లికి సెప్పనని ఎలగంటాడు? పైగా ఆయన అనుకున్నాడు, సూపించీత్తే వాటి మీదున్న నింద పోతాదని.

తీసుకెల్లినాడు. ఎనకాతల జనం, కర్రలు, గునపాలు. ఆ గుహ కన్నం ఇంతే, మనిషి భుజాలు పట్టీటంత. ఇంకెవర్నీ దూరనివ్వనేదు, బావే టార్చీ పట్టుకొని దూరినాడు. నాను కాళ్ళు పట్టుకున్నాను. శానాసేపు లోపలే ఉండిపోయినాడు. బయటికొచ్చి, "పిల్ల నేదు, బట్ట పీలిక కూడా నేదు, తోడేలు పిల్లలు నాలుగున్నాయి, అంతే" అన్నాడు. ఫూల్మణి అక్కడే కూలబడిపోనాది. అక్కడితో అయిపోవాల మరి. ఈలోగా కన్నం పక్కన ఒకడికి దవడ ఎముక దొరికింది. మేకది. "మేకదే, దాని పన్ను సూడండి" అని బావ అంటానే ఉన్నాడు. నలుగురొచ్చి ఆయన్ని పట్టుకున్నారు. కొట్టనేదు బాబూ, సొరో దాదా, సొరో, తప్పుకో అని మర్యాదగానే పక్కకి లాగినారు. తవ్వినారు. కుక్కపిల్లలంతే ఉన్నాయి, బూడిదరంగు. కర్రలతో... సర్లే. ఫూల్మణి ఆపనేదు. ఆవిడ్ని ఆపమని ఎవరడుగుతారు. అల్లంత దూరంలో గడ్డిలో తల్లి తోడేలు నిలబడి ఉంది, బావ సూపిత్తే సూసినాను. అరవనేదు, మీదకి రానేదు. సూత్తా నిలబడింది.

అంతటితో ఆగనేదు. ఆ సాయంత్రమే సచ్చిన మేకకి సేలకి కొట్టీ మందు పూసి పాత రోడ్డు మీద పడీసినారు. తెల్లారి తల్లి తోడేలూ, కాపలా కాసీ ఆ పెద్ద పిల్లా అక్కడే పడున్నాయి, సుట్టూ కాకులు కూడా సచ్చిపోయి. అదే పొద్దున్న టుసు దొరికింది. రోడ్లకని మోరం మట్టి తవ్వీసిన గోతిలో, నీళ్ళలో. అమ్మ ఎనకాల ఇప్పచెట్ల కాడికి బయల్దేరినట్టుంది పాపం. దాని గుప్పిట్లో పూలున్నాయి.

ఆ జంటలో మగది మళ్ళీ ఎవరికీ కనపడనేదు. బావ అటేపు ఎల్లడం మానీసినాడు. డ్యూటీకెల్లీవాడు, చర్చికొచ్చీవాడు, పాట మాత్రం పాడీవాడు కాదు. ఫూల్మణి ఒక్కసారి మా అప్పింటికి ఒచ్చింది. అప్ప అన్నం పెడితే తిన్నాది. బావ పక్కగదిలో ఉండీ బయటికి రానేదు. ఆమె ఎల్లిపోయినాక అడిగినాడంట, తిన్నాదా అని.

తొంభై ఆరులో బావకి కామెర్లొచ్చినాయి. రైల్వే ఆసుపత్రిలో నానే కాసినాను దగ్గరుండి. ఒకనాడు మజ్జానం, బత్తాయి ఒలిసి పెడతన్నాను, ఉన్నట్టుండి సెప్పినాడు. "తోడేలు పిల్లలు తల్లి రాగానే మూతి నాకుతాయిరా, నోట్లోంచి తిండి తీసి పెడతాదని. నాను లోపలికెల్లినప్పుడు సీకట్లో నాలుగూ ఒచ్చి నా మూతి నాకినాయి" అన్నాడు. బత్తాయి తిననేదు.

...

టీ సల్లారిపోతంది, తాగు. హిజ్లీ వైపు ఆటోలు ఎనిమిదైతే దొరకవు.