దొర బండికి కొలతలు

సభను నడిపిస్తున్న పెద్ద డాక్టరుగారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మిత్రులకు, వాళ్ళ కాళ్ళ దగ్గర తోక ఆడిస్తున్న బంధువులందరికీ నమస్కారం. (నవ్వులు)

ఈ పశువుల ఆస్పత్రి వెనక గదిలో నడవలేని కుక్కలకు చక్రాల బండ్లు చేసిపెట్టి, ఈరోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మన బండ్ల అక్కయ్య గురించి డాక్టర్లు చెప్పాలి గానీ, నేనెంతదాన్ని? మా కుక్క దొర తరఫున వచ్చాను, అంతే.

వ్యాను గుద్ది దొర వెనక కాళ్ళు చచ్చుబడ్డాయి. అప్పటికే మా మామగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఆయనకు తెచ్చిన చక్రాల కుర్చీని, "అందులో కూర్చుంటే ఇక లేవనట్టే" అని మూలకు తోయించేస్తే, దాని మీద నేను తడిబట్టలు ఆరేసేదాన్ని. (నవ్వులు) ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు మా ఇంట్లో ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

కొలతలకు ఇక్కడికి తీసుకొస్తే, టేపు తగలగానే దొర ఒళ్ళు ఈడ్చుకుంటూ బల్ల కింద దూరాడు.

"వీడు ఎవరి మాట వింటాడమ్మా?" అన్నారు అక్కయ్య.

"మా మామగారి మాట."

"అయితే నేనే మీ ఇంటికొస్తాలే."

మరునాడు వచ్చారు. దొర పొట్ట కింద తువ్వాలు వేసి నేను నడుము లేపి పట్టుకుంటే, మామగారి గొంతు విని వాడు మంచమెక్కాలని ఒకటే పెనుగులాట.

"బాబాయిగారూ, మీరు వాడికి ఎదురుగా ఉంటే నిలబడతాడు. ఆ కుర్చీ ఇటు లాగమంటారా?" అని అక్కయ్య మెల్లగా అడిగారు. మామగారు దొర వంక చాలాసేపు చూసి, "ఆ బట్టలు తియ్యమ్మా" అన్నారు.

(మంచినీళ్ళు తాగారు)

క్షమించండి. కుర్చీలో కూర్చుని, పనిచేసే చేత్తో దొర గడ్డం పట్టుకుని, "కదలకురా, నేను కూర్చోలేదూ?" అన్నారు. దొర కదల్లేదు. అక్కయ్య ఛాతీ చుట్టుకొలత, నడుము వెడల్పు, నేల నుంచి తొడదాకా ఎత్తు కొలిచి, బండి పట్టీ ఒరుసుకుంటే పుండు పడుతుందని మళ్ళీ కొలిచారు. ఆ బండి వచ్చిన రోజే, దొర బండితో, మామగారు కుర్చీలో, ఇద్దరూ వీధిలోకి బయలుదేరారు.

మామగారూ, మీరు కళ్ళు తుడుచుకుంటే నేను పూర్తి చెయ్యలేను. (నవ్వులు, చప్పట్లు)

అక్కయ్యా, రేపటినుంచి సాయంత్రాలు ఎలా గడుస్తాయో అన్నారు నాతో. మామగారు ఒక మాట చెప్పమన్నారు: "మాతో షికారుకి రమ్మను. దొర చెట్టు చెట్టు దగ్గరా ఆగుతాడు, తొందరపడకూడదని ముందే చెప్పు."

ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్యా, రేపు సాయంత్రం మీకోసం మా ఇంటి గేటు దగ్గరే ఉంటాం. సెలవు.