మంచం కమ్మీ మీద ఒక చెయ్యి

ముప్పై నాలుగేళ్ల క్రితం జూన్ మూడో తేదీన, రెండు జతల తెల్లబట్టలూ ఒక బైబిలూ పెట్టుకున్న సంచితో మన ఆసుపత్రిలో చేరిన హెడ్‌నర్సు గారు, ఈ రోజు పదవీ విరమణ చేసి అదే సంచిని డ్యూటీ గది బల్ల మీద సర్దుకుంటున్నారు. దాని ఊడిన పిడిని కుడుతున్న కుట్టుగది పెద్దమ్మకు మాత్రం సూది సరిగా నడవడం లేదు. ఎవరు సంచి సర్దుతున్నా ఆమెకు గుబులే.

తొలి రెండేళ్లు శస్త్రచికిత్స విభాగంలోనూ, తరువాత పదేళ్లు పిల్లల వార్డులోనూ, మిగిలిన కాలమంతా పెద్ద వార్డు బాధ్యురాలిగానూ వారు అందించిన సేవ మనమందరం ఎరిగినదే. రోగిని లేపే ముందు మంచం కమ్మీ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఒక్క ఊపిరి సేపు ఆగడం వారి అలవాటు. ఆ తరువాత ఎంతటి భారీ మనిషైనా వారి చేతుల్లో దూదిపింజే. ఆ నిబ్బరం చూసి పెద్దమ్మకు కడుపు మండేది. తానూ ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్లే మనిషే. అయినా ఒక దుప్పటి చిరిగితే చాలు, గుండె దడ. దేవుడికీ అయినవాళ్లూ కానివాళ్లూ ఉంటారా అని లోలోపల కుమిలి, చివరికి ఆవిడ పనివేళలో నిలబడి కునుకు తీస్తున్నారని సూపరింటెండెంటు గారి చెవిన వేసింది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

పద్నాలుగేళ్ల క్రితం పెద్దమ్మ భర్తకు గుండె ఆపరేషను అన్నారు. సబ్బు, తువ్వాలు, కళ్లజోడు సంచిలో సర్ది ఆమె ఆయన్ని పెద్ద వార్డుకే తెచ్చింది. స్ట్రెచర్ మీదికి మార్చేముందు నర్సు గారు కమ్మీ పట్టుకున్నారు. ఆ చెయ్యి వణకడం పెద్దమ్మ అప్పుడే మొదటిసారి దగ్గరగా చూసింది.

"మీకూ భయమేనా?"

"రోజూ భయమే అక్కా. నా దగ్గర బలం ఎక్కడిది? మంచం మంచానికీ ఆ ప్రభువునే అడిగి తెచ్చుకుంటాను. నిన్న ఇచ్చింది నిన్నటికే సరి. రా, నువ్వూ చెయ్యి వెయ్యి."

"మీరు నిలబడి నిద్రపోతున్నారని పైవాళ్లకు చెప్పింది నేనే."

"తెలుసు. అప్పట్నుంచీ ఒక కన్ను తెరిచే అడుగుతున్నా."

పెద్దమ్మ చెయ్యి వేసింది గానీ ఏమీ అడగలేదు. ఆ రోజుతో ఆమె ఈర్ష్య పోలేదు, దారి మార్చుకుంది: బలం ఉన్నందుకు కాదు, లేదని అంత తేలిగ్గా ఒప్పుకోగలిగినందుకు కుళ్లు.

ఇప్పుడు పిడి కుట్టడం అయింది. సంచి మీద చెయ్యి వేసి పెద్దమ్మ ఒక్క ఊపిరి సేపు ఆగింది. ఈసారి తానే అడిగింది. వారికి నొప్పి లేని మోకాళ్లనూ, కంటినిండా నిద్రనూ, మనవల పెళ్లిళ్లు చూసేంత ఆయుష్షునూ ప్రభువు అనుగ్రహించాలి. వారు లేని వార్డులోకి రేపు అడుగుపెట్టే బలం పెద్దమ్మకు ఇవ్వాలి.

పెద్దమ్మ భర్త ఆ స్ట్రెచర్ మీద వెళ్లి తిరిగి రాలేదు. ఆ ఏడు మార్చి పదకొండు, ఉదయం పదిన్నర.