జెలియాటు కాలు కేసు

నా పేరు వుంబే ఫుసేని. వయసు అరవై రెండేళ్లు. ఊరు ఉత్తర ఘానాలోని నాయిలి. విరిగిన ఎముకలు కూర్చి కట్టడం మా ఇంటి వృత్తి. వైద్యం పేరుతో ఒక మనిషి కాలు పాడు చేశానన్న కేసులో నేను ముద్దాయిని. ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే నా మాట కూడా రాసుకోవాలని కోర్టువారు అన్నారు, చెబుతున్నాను.

2018 మార్చి 12, సోమవారం ఉదయం ఏడు గంటలకు షియా గింజల వెన్న అమ్మే జెలియాటును ఆమె అన్న ఆటోలో మా ఇంటికి తెచ్చాడు. ముందురోజు మోటారుసైకిలు గుద్ది మోకాలి కింద ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఎముకకు ఇనుప కడ్డీ వేస్తామంటే భయపడి, చెప్పకుండా వచ్చేశారు.

నేను కట్టు కట్టలేదు. కాలివేళ్లు పట్టుకుని చూశాను. చల్లగా ఉన్నాయి. మళ్లీ చూశాను. చల్లగానే ఉన్నాయి. పిక్క రాయిలా బిగిసింది.

"ఎముకైతే నా పని తల్లీ. నెత్తురు ఆగిపోతోంది, అది వాళ్ల పని. పద" అన్నాను. ఆమె రానని ఏడ్చింది. నేనూ ఆటో ఎక్కాను.

ఎనిమిదింపావుకు ఆసుపత్రి చేరాం. డాక్టర్ అంపోఫో గారు నన్ను చూడగానే, నేనే బిగించి కట్టి కాలు చెడగొట్టానని పోలీసులకు ఫోను చేశారు.

"నన్ను తర్వాత పట్టిద్దువుగాని నాయనా. ముందు ఆ బొటనవేలు ముట్టుకో" అన్నాను.

ఆయన ముట్టుకున్నారు. స్ట్రెచరు తానే తోసుకుంటూ లోపలికి పరుగెత్తారు. పోలీసులు వచ్చి నన్ను స్టేషనుకు తీసుకెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు గారే స్టేషనుకు వచ్చి నన్ను విడిపించారు, కేసు మాత్రం కోర్టు దాకా వెళ్లింది. పిక్క చీరి ఒత్తిడి తీశామని, వేళ్లు వెచ్చబడ్డాయని, ఇంకో గంట ఆగితే కాలు తీసేయాల్సి వచ్చేదని చెప్పారు. కడ్డీకి మాత్రం ఆమె ససేమిరా అంటోందట.

"గాయం నేను చూసుకుంటాను పెద్దాయనా. ఎముక మీరు కూర్చండి" అన్నారు.

ఎక్స్‌రే నాకూ చూపించాలన్నాను. ఒప్పుకున్నారు. వాపు తగ్గాక వార్డులోనే కాలు లాగి ఎముక కూర్చాను. మా ఆచారం ప్రకారం ఒక కోడి కాలు విరిచి దానికీ అదే కట్టు కట్టాను. అది ఎలా నడుస్తుందో చూసి మనిషి సంగతి చెబుతాం. నర్సులు నవ్వారు. ఇరవయ్యో రోజున కోడి నడుస్తుంటే డాక్టరు గారే నన్ను పిలిచి చూపించారు.

జూన్ 25న జెలియాటు వెన్న గంప నెత్తిన పెట్టుకుని సంతకు నడిచింది. ఈ రోజు కోర్టుకూ నడిచే వచ్చింది, మూడు మైళ్లు. ఆటో ఎక్కమంటే వినలేదు. ఇప్పుడు ప్రతి మంగళవారం ఎముకలు కూర్చడానికి నేను ఆ వార్డులో కూర్చుంటున్నాను.

రాసినదంతా మా దగ్బానీ భాషలో చదివి వినిపించారు. ఇందులో ఉన్నది జరిగినదే, నేను చెప్పినదే.

వుంబే ఫుసేని, ఎడమ బొటనవేలి ముద్ర
జూలై 5, 2018

ఈ ముద్ర ఆయనదేనని సాక్షి సంతకం చేసినవారు: డాక్టర్ క్వాబెనా అంపోఫో, ఫిర్యాది.