తప్పిపోని ఒంటె

ఈ సభకు అధ్యక్షులుగా కూర్చున్న మన సూమ్ మండలానికి పెద్ద అయిన పురెవ్ గారికి, ముప్పై మూడేళ్లు నేను రాసి పంపిన అంకెలను మారు మాట లేకుండా నమ్మిన వాతావరణ శాఖ పెద్దలకు, మందలను ఇరుగుపొరుగుకు అప్పగించి ఎనభై కిలోమీటర్ల నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చిన ఆత్మీయులకు, వేదిక వెనక మాంసం కుడుములు ఆవిరి మీద పెట్టి నేను ఎప్పుడు ఆపుతానా అని ఎదురుచూస్తున్న వంటింటి ఆడవాళ్లకు, అందరికీ ఈ నోర్జ్‌మా నమస్కారాలు. (నవ్వులు)

తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి రండి, చలిగాలి కొడుతోంది. మీలో ఒకాయన మధ్యలో జారుకోవడానికే అక్కడ నిలబడ్డారని నాకు తెలుసు. ఆయనకు అటూ ఇటూ ఉన్నవాళ్లు కాస్త కనిపెట్టి ఉండండి. ఆయనతో నాకు పని ఉంది.

గౌరవంగా నీలి పట్టు ఖదగ్ మీద వెండి గిన్నె పెట్టి ఇచ్చారు. నా చేతులు ఇంత మెత్తని గుడ్డను పట్టుకుని చాలా కాలమైంది, గరుకు వేళ్లకు పట్టు చిక్కుకుంటోంది, చూశారా. నా ఉద్యోగంలోకి వచ్చిన కొత్తాయనకు కూడా అభినందనలు చెప్పాలి. ఆయన మన కేంద్రం ఆవరణలో నిలబడే ఉన్నారు, ఇనుప స్తంభం రూపంలో. మూడు గంటలకోసారి గాలి వేగం, వేడి, దుమ్ము, అన్నీ తనంతట తానే కొలిచి పంపుతారు. చాయ్ అడగరు, సెలవు అడగరు, మంచు తుపానులో ముక్కు కారిందని ఫిర్యాదు చేయరు. పెద్దలు సరైన మనిషినే ఎంచుకున్నారు. (నవ్వులు)

పురెవ్ గారు ఇందాక, నేను గోబీని ఒంటరిగా నడిచి జయించానని అన్నారు. ఆయన మాట కాదనడం మర్యాద కాదు గానీ, అందులో రెండు తప్పులున్నాయి. జయించడం సంగతికొస్తే, నలభై మూడు రోజుల్లో ఏడు వందల కిలోమీటర్లు నడిచాక నా కాలి గోళ్లు నాలుగు గోబీ దగ్గరే ఉన్నాయి, గోబీది నా దగ్గర ఏమీ లేదు, చెప్పుల్లో ఇంకా రాలుతున్న ఇసుక తప్ప. ఒంటరితనం సంగతి నెమ్మదిగా చెబుతాను.

పదవీ విరమణ రోజున ఎవరైనా నిద్రపోతారు, నువ్వేమిటి అల్తాయ్ కొండల దాకా నడుస్తానంటున్నావని అందరూ అడిగారు. ముప్పై మూడేళ్లు ఒకే చోట నిలబడి గాలి వచ్చిందని రాశాను, అది ఎక్కడికి పోతుందో చూడాలని ఉందని చెప్పాను. వినడానికి బాగుంది కదా, మన రేడియో ఉయంగ దాన్నే మూడుసార్లు చదివింది. అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మూడు గంటలకోసారి లేచి అంకెలు రాసే పని ఉన్నన్నాళ్లూ నా బుర్రకు తీరిక లేదు, ఆ పని పోయాక ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు, అందుకే భయపడి బయలుదేరాను.

బయలుదేరే ముందు రోజు ఉయంగ వచ్చి, "అక్కా, ఎవరి సాయమూ తీసుకోకుండా నడుస్తావని రేడియోలో చెప్పనా?" అంది.

"చెప్పెయ్," అన్నాను. నా పొగరు అది. "బండి ఎక్కను, ఒకళ్లు మోసిచ్చిన నీళ్లు తాగను అని కూడా చెప్పు."

పాత సైకిల్ చక్రాలు బిగించిన తోపుడు బండి, ముప్పై లీటర్ల నీళ్లు, ఎండు మాంసం పొడి, పిండి, చిన్న గుడారం. మూడో రోజుకి అరికాళ్లు పొక్కాయి. చక్రాల్లో ముళ్లు దిగి పదిహేడుసార్లు గాలి పోయింది, పదిహేడుసార్లూ నడి ఎండలో కూర్చుని అతుకు వేశాను. ఒక బావిలో నీళ్లు ఎంత చేదంటే, తాగితే కడుపులో ఉండవు, తాగకపోతే ప్రాణం ఉండదు. నల్ల గులకరాళ్ల మైదానంలో మూడు రోజులు నడిచినా ఎదురుగా ఉన్న కొండ ఒక్క అడుగు దగ్గరికి రాలేదు, నాలుగో రోజు పొద్దున దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పెదవులు పగిలి నవ్వితే నెత్తురు వచ్చేది. నవ్వడానికి అక్కడ ఎవరున్నారులే అనుకుంటే, రేడియోలో వింటూ మీరున్నారు.

ఎత్తు గుట్ట ఎక్కి ఫోన్‌కు సిగ్నల్ దొరికినప్పుడల్లా ఉయంగకు నాలుగు ముక్కలు చెప్పేదాన్ని. ఆమె సాయంత్రం చదివేది, పక్క సూమ్‌ల రేడియోలూ అడిగి పుచ్చుకుని చదివేవి. దాంతో ఏమైందంటే, ఏ గుడారం దగ్గరికి వెళ్లి మన వాడుక ప్రకారం తలుపు తట్టే బదులు "కుక్కను పట్టుకోండి!" అని కేకేసినా, నేనెవరో నాకంటే ముందే వాళ్లకు తెలుసు. ఒక ముసలమ్మ గుడారం బయట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"నిన్న మధ్యాహ్నానికే వస్తావని రేడియోలో చెప్పారు, ఏమైపోయావ్ అమ్మాయ్? నాలుగుసార్లు చాయ్ వేడిచేశాను."

"ఆగడానికి లేదమ్మా, ఇవాళ ఇరవై కిలోమీటర్లు నడవాలి."

"నడిచేది కాళ్లు కదా, నోటికేం పనుంది? కూర్చో."

కూర్చున్నాను. ఎవరి సాయమూ వద్దన్న మనిషి మొత్తం మీద వంద గిన్నెలకు తక్కువ కాకుండా ఉప్పు చాయ్ తాగింది. ఉయంగా, ఇది రేడియోలో చెప్పకు. (నవ్వులు) ఆ ముసలమ్మ నన్ను సాగనంపుతూ ప్రయాణం క్షేమంగా సాగాలని నా వెనక పాలు చల్లి, ఒక మాట చెప్పింది.

"దారిలో గోధుమరంగు ఆడ ఒంటె కనిపిస్తే చూస్తుండు. ఒకాయన మోటారు సైకిల్ మీద తెగ వెతుక్కుంటున్నాడు, పాపం. నువ్వెటు పోయావని కూడా అడిగాడు, నీకేమైనా కనిపించిందేమోనని."

ఆ తర్వాత ప్రతి గుడారంలోనూ అదే మాట. ఒంటె పోయిందని ఒకడు అడిగితే గోబీ గోబీ అంతా కళ్లు చిట్లించి వెతుకుతుంది, మనకది పుట్టుకతో వచ్చిన గుణం. నేనూ నా పొక్కుల కాళ్లతో అడుగుల గుర్తులు చూసుకుంటూ నడిచాను. పన్నెండో రోజున దుమ్ము తుపాను లేచింది. బండి పక్కన బోర్లా పడుకుని, మూతికి గుడ్డ చుట్టుకుని, అలవాటు కొద్దీ సెకనుకు ఇరవై నాలుగు మీటర్లు, ఇరవై ఆరు, అని అంచనా వేస్తూ ఉన్నాను. అది తగ్గాక లేచి తర్వాతి బావి దగ్గరికి వెళ్తే, బావి ఇసుకతో పూడిపోయి ఉంది, దాని అంచున నీలం నీళ్ల డబ్బా ఒకటి, మూత మీద రాయి పెట్టి, నిండుగా. దారిన పోయే ఏ పుణ్యాత్ముడో ఎవరికైనా పనికొస్తుందని పెట్టాడనుకుని తాగాను. తాగకపోతే ఇవాళ ఈ గిన్నె అందుకునేదాన్ని కాదు. ఆ పేరు తెలియని మనిషికి రేడియోలో ధన్యవాదాలు కూడా చెప్పాను.

ఇరవై మూడో రోజున, పగ్గం కట్టే ముక్కు పుల్ల విరిగిన గోధుమరంగు ఆడ ఒంటె ఒకటి నా ఎదురుగా వచ్చి నిలబడింది! నా ఆనందం ఏం చెప్పను! ఎండు పెరుగు బిళ్లలు ఎర చూపి తాడు వేశాను. నాలుగు రోజులు దాన్ని వెంటబెట్టుకుని నడిచాను. అది నా బిళ్లలన్నీ తినేసింది, నా రెండో టోపీ తినేసింది, కృతజ్ఞతగా నా మీద రెండుసార్లు ఉమ్మింది. గుట్ట ఎక్కి ఉయంగకు ఫోన్ చేశాను.

"ఒంటె దొరికిందని చెప్పు. మూడు రాళ్ల బావి దగ్గర ఉంటాను, వచ్చి తీసుకెళ్లమను."

"ఎవరి ఒంటె అక్కా?"

"వెతుక్కుంటున్నవాడిది!"

ఇరవై ఏడో రోజు మూడు రాళ్ల బావి దగ్గర కూర్చున్నాను. మొదట ఒక చిన్న లారీ వచ్చింది. అందులోంచి ఎర్ర మొహం వేసుకుని ఒకాయన దిగాడు.

"ఏవమ్మా, రేడియోలో జనానికి ఒంటెలు పంచుతున్నది నువ్వేనా? అది నాది. పొద్దున్నే మేతకు వదిలితే నాలుగు రోజులుగా కనబడలేదు!"

"మరి మోటారు సైకిల్ మీద వెతుకుతున్నాయన?"

అప్పుడే దిబ్బ మీద నుంచి మోటారు సైకిల్ దిగింది. హ్యాండిల్‌కు చిన్న రేడియో కట్టి ఉంది, వెనక రెండు నీలం నీళ్ల డబ్బాలు. దాని మీద మా మరిది దమ్చా. ఒంటె దొరికిందని ఊరూరా చాటాక రాకపోతే జనం ఏమనుకుంటారోనని, దొంగలా తల దించుకుని వచ్చాడు.

దమ్చాకూ నాకూ పదకొండేళ్లుగా మాటల్లేవని ఇక్కడ తెలియనివాళ్లు లేరు. నా భర్త సందగ్, తమ్ముడు దమ్చా కలిసి నిజంగానే పోయిన ఒంటె కోసం వెళ్లారు, చెరో దిక్కుకూ విడిపోయి వెతుకుతుండగా తుపాను లేచింది, దమ్చా ఒక్కడే తిరిగొచ్చాడు. కర్మలనాటి భోజనాల దగ్గర, ఇదే హాల్లో, మీ అందరి ముందు నేను, "మా ఆయన్ని వదిలేసి వచ్చావు" అన్నాను. దమ్చా చేతిలో గిన్నె కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ కొత్త సంవత్సరానికీ నా గడప తొక్కలేదు.

ఆ లారీ ఆయనకు ఇవేవీ తెలియవు కదా. "నీ ఒంటె గుర్తులు చెప్పవయ్యా," అని నిలదీశాడు.

"గోధుమరంగు... ఆడది."

"గోబీలో సగం ఒంటెలు అవే. చెవి కోత ఎటు?"

దమ్చా పాపం ఒంటెను చూశాడు, నన్ను చూశాడు. "ఎటు ఉంటే బాగుంటుంది?" అన్నాడు. (పెద్దగా నవ్వులు)

లారీ ఆయన విషయం ఏదో ఉందని గ్రహించి, ఒంటెను ఎక్కించుకుని, మా ఇద్దరికీ చెరో ఎండు మాంసం ముక్క ఇచ్చి వెళ్లిపోయాడు. నేనూ దమ్చా మిగిలాం. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎన్ని రోజులుగా నా వెనక తిరుగుతున్నావ్?"

"నువ్వు ఊరి చివర రాళ్ల గుట్ట దాటిన దగ్గర్నుంచి."

"ఎవరి సాయమూ వద్దని చెప్పాను కదా! రేడియోలో వినలేదా?"

"విన్నాను వదినా. సాయం చేయలేదు. ఒంటె వెతుక్కున్నాను."

"ఎందుకురా ఇదంతా?"

హ్యాండిల్‌కు కట్టిన రేడియో మీట తిప్పుతూ అన్నాడు. "ఒకసారి ఒక్కణ్ణే ఇంటికొచ్చాను వదినా. ఇంకోసారి నావల్ల కాదు."



మిగతా పదహారు రోజులూ దమ్చా అరకిలోమీటరు వెనకే వచ్చాడు, ఈసారి దాక్కోకుండా. పొద్దున పూట చాయ్ నేను కాచేదాన్ని, ఒక గిన్నె రాయి మీద పెట్టి ముందుకు నడిచేదాన్ని, వచ్చి తాగి గిన్నె తుడిచి తెచ్చేవాడు. మాటలు మాత్రం వాతావరణం గురించే. ఏడు వందల కిలోమీటర్లు నడవగలిగిన దాన్ని, ఒక్క మాట అనలేకపోయాను. నేను ఆ మాట నిండు సభలో అన్నాను కాబట్టి ఎడారిలో ఇద్దరమే ఉన్నప్పుడు వెనక్కి తీసుకుంటే చెల్లదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కొంత సాకు, కొంత నిజం. ఇవాళ ఆ సాకు లేదు, హాలు నిండా మీరున్నారు.

ముందుగా చెప్పవలసిన ధన్యవాదాలు చెప్పేస్తాను. నాకోసం నలభై మూడు సాయంత్రాలు రేడియో ముందు కూర్చున్నవాళ్లకు, గోడ మీద పటంలో నా వెంట సూది జరిపిన బడి పిల్లలకు, చాయ్ వేడి చేసి పెట్టిన ప్రతి పొయ్యికి, ఉయంగకు, భర్త ఒంటె కోసం పోయాడని ఊరందరికీ అబద్ధం చెప్పి రెండు వందల మేకల్ని ఒక్కతే కాసుకున్న నా తోటికోడలికి, వంగి నమస్కరిస్తున్నాను. మీరు నా వెనక ఉన్నారు కాబట్టే నేను ముందుకు నడిచాను.

ఇక సందగ్ పోయిన ఆ రోజు సంగతి. పొద్దున మా పొయ్యి దగ్గర ముగ్గురం చాయ్ తాగాం. పడమర అంచున సన్నటి పసుపు గీత ఒకటి చూసి దమ్చా, "ఇవాళ వద్దేమో అన్నా," అన్నాడు. సందగ్ నా వైపు చూశాడు. వాతావరణం తెలిసినదాన్ని నేనే కదా. "సాయంత్రం దాకా ఆకు కూడా కదలదు, వెళ్లి రండి," అన్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు, సెకనుకు ఇరవై ఎనిమిది మీటర్లు అని నా చేత్తోనే రాశాను.

వాళ్లను పంపింది నేను. అది తెలిసి కూడా, ఆ తప్పు మోయలేక, దాన్ని తీసుకెళ్లి దమ్చా నెత్తిన పెట్టాను. అది అబద్ధమని తెలిసిన ఒకే ఒక్క మనిషి అతను. పదకొండేళ్లలో ఎవరికీ, చివరికి తన భార్యకు కూడా, "ఆవిడే పొమ్మంది" అని ఒక్కసారైనా చెప్పలేదు. మీరంతా అతన్ని అన్నను వదిలేసి వచ్చినవాడిగానే చూశారు, నా మాట నమ్మి. నా మాట తప్పు. ఆ పొద్దున పొయ్యి దగ్గర ఒకసారి, ఈ హాల్లో ఒకసారి, రెండుసార్లు తప్పు. క్షమించమని మిమ్మల్ని అడుగుతున్నాను. అతన్ని ఇక్కడి నుంచి అడగను.

కొత్త సంవత్సరానికి కలుసుకున్నప్పుడు పెద్దల చేతుల కింద చిన్నవాళ్లు చేతులు పెట్టి పట్టుకోవాలి. అది మన పద్ధతి, నేను వదినను, పెద్దదాన్ని. పురెవ్ గారూ, కాస్త ఈ గిన్నె పట్టుకోండి. ఇవాళ నా చేతులు కింద ఉంటాయి.

దమ్చా, ఆ తలుపు దగ్గరే ఉండు. నువ్వు రాకు, నేను వస్తాను. దారి ఇవ్వండి, ఇరవై అడుగులే. అంత దూరం నడిచినదానికి ఇదెంత అనుకోకండి, ఈ ఇరవై అడుగులకే నాకు పదకొండేళ్లు పట్టింది.

అందరికీ సెలవు.