ఖాళీ వదలని గడి

వడ్రంగి భార్యను ఇన్సూరెన్సు కంపెనీ చంపింది. అందులో వాదనకు తావు లేదు. ఆయన తలుపు చెక్కకు చిత్రిక పడుతుంటే, ఆమె తమ్ముడు ఎదురుగా బల్ల మీద కూర్చుని కాళ్లూపుతున్నాడు.

"రేపు ఎన్నికల సభలో నువ్వు మాట్లాడాలి బావా. అందరికీ ప్రభుత్వమే వైద్యం చేయించాలని మేమంటున్నాం. ప్రైవేటు బీమా ఉందిగా, చాలదా అని అవతలివాళ్లు."

"నోరున్నవాళ్లు కరువయ్యారా?"

"నోళ్లకేం, కావలసినన్ని. నీలా దెబ్బ తిన్నవాడే లేడు."

"నా గొంతు రంపంలా ఉంటుందనేది మీ అక్క."

"మంచిదే, బాగా కోస్తుంది. అక్క ఆపరేషన్‌కి కంపెనీ ఎందుకు కాదందో అదొక్కటీ చెప్పు."

"జబ్బు ముందునుంచే ఉంది, మా పూచీ లేదన్నారు."

"అక్కకి జబ్బేంటి! గుండ్రాయిలా ఉండేది. వాళ్లకెవడు చెప్పాడు?"

చిత్రిక ఆగింది.

"నేనే. బీమా ఫారంలో, ఇంతకుముందు ఏమైనా బాధలున్నాయా అని ఒక గడి ఉంది. ఖాళీగా వదలడానికి మనసొప్పలేదు. మెట్లెక్కితే ఆయాసమని రాశాను."

"మెట్లెక్కితే ఎవరికి రాదు ఆయాసం! అక్క చూసిందా?"

"చూసింది. గడి కనిపిస్తే చాలు నింపేస్తావా అని నవ్వింది."

బావమరిది కాళ్లు ఊగడం మానేశాయి.

"నిజం రాసినందుకు శిక్షేశారు బావా. రేపు ఇదే చెప్పు. సభ అదిరిపోతుంది."

"ఓటు మీకే వేస్తాను. కుర్చీలు మోయమంటే మోస్తాను. ఇది మాత్రం ఇవాళ నీకు చెప్పాను. నా నోట ఈ మాట ఇదే ఆఖరు."