రెండు లెక్కలు, ఒక ఎడమ కాలు

ఈ రిటైర్మెంట్ సభను నడిపిస్తున్న మన మేనేజింగ్ డైరెక్టర్ విశ్వేశ్వర్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, షిఫ్ట్ అయిపోయి వచ్చినోళ్లకు, షిఫ్ట్ ఎగ్గొట్టి వచ్చినోళ్లకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ ఒడిశా, బీహార్ తమ్ముళ్లకు, ముందు వరుసల కూర్చొని 'జల్దీ ముగించు' అని ఇప్పటికే కండ్లతోటి చెప్తున్న నా భార్య శ్రీవాణికి, అందరికీ లక్ష్మీకాంతం నమస్కారాలు. (నవ్వులు)

ఇంతసేపు నా గురించి మాట్లాడినోళ్లందరూ నన్ను మస్తు పొగిడిండ్రు. సగం నిజమైనా సంతోషమే. యూనియన్ తరఫున ఎల్లయ్య మాట్లాడుతూ, లక్ష్మీకాంతం సార్ లేకపోతే ఈ ఫ్యాక్టరీల క్లచ్ ప్లేటే బయటికి పోయేది కాదు అన్నడు. ఎల్లయ్యా, నువ్వు నా ముఖం ముందర ఇన్నేండ్లు అన్నది వేరు గద. 'మేం చెమటలు కక్కి చేసేది, ఈయన కూర్చొని కాల్చేది' అనేటోడివి. అదే కరెక్టు. టెస్టింగ్ సెక్షన్ల నా పని అదే. మీరు చేసిన ప్లేటును మిషన్ మీద ఎక్కించి, అది ఎప్పుడు జారుతది, ఎప్పుడు కాలుతది అని చూసుడు. ప్లేట్ కాలిన వాసన నా బట్టలకు ఎంత పట్టిందంటే, సంగారెడ్డి బస్సుల నా పక్కన కూర్చున్నోళ్లు డ్రైవర్‌ను పిలిచి బండి ఆపుమనేటోళ్లు. (నవ్వులు)

నాకు ఇచ్చిన టైమ్ పది నిమిషాలు. థ్యాంక్స్ చెప్పుడుకు రెండు నిమిషాలు చాలు. మిగిలిన టైమ్‌ల ఒక విషయం చెప్పి పోవాలె. మన ఫ్యాక్టరీ కారును ఈ ఆదివారం ఎవరు నడపాలె అన్నది ఆ విషయం. విశ్వేశ్వర్ గారు నా దిక్కు చూస్తున్నరు. సార్, జెర ఓపిక పట్టండి.

బయటి నుంచి వచ్చిన చుట్టాలు, స్నేహితులు ఉన్నరు, వాళ్ల కోసం మొదటి నుంచి చెప్త. క్లచ్ ప్లేట్లు చేసే కంపెనీకి రేసు కారు ఎందుకని మీరు అడుగుతరు. మూడేండ్ల కింద విశ్వేశ్వర్ గారికే వచ్చిన ఆలోచన అది. పాత కారు ఒకటి కొని, ఇంజన్ పని చేయించి, మన క్లచ్ వేసి, జహీరాబాద్ అవతల ఒక ప్రైవేటు రన్‌వే ఉంది, అక్కడికి తీసుకపోయినం. రన్‌వే మీద కారును నిలబెడతరు. పచ్చ లైటు పడంగనే పావు మైలు, అంటే నాలుగు వందల మీటర్ల పైచిలుకు, సీదా ఉరికించాలె. మలుపు ఉండది, బ్రేకు పని ఉండది. నిలబడ్డ బండి ఒక్కసారి లేచి ఉరికేటప్పుడు క్లచ్ మీద పడే బరువు ఇంక దేని మీదా పడదు. అక్కడ జారని క్లచ్ ఎక్కడా జారదు అని కొనేటోళ్లకు చూపించుడే మన మతలబు. ఈ ఆదివారం ఒక పెద్ద బండ్ల కంపెనీ కొనుగోలు ఆఫీసర్లు స్వయంగా చూడ వస్తున్నరు.

రెండేండ్ల నుంచి ఆ కారును నడిపేది క్వాలిటీ సెక్షన్ అంకిత. భానూర్ పిల్ల, డిప్లొమా చేసి వచ్చింది. అదిగో, మూడో వరుసల తల దించుకొని కూర్చున్నది. అమ్మా, నిన్ను తిట్టుడు లేదు, తల ఎత్తు. మొన్న నెల నుంచి మన అక్షయ్ బాబు కూడా నడుపుతున్నరు. అక్షయ్ బాబు అంటే విశ్వేశ్వర్ గారి అబ్బాయి, పుణెల చదివి వచ్చి మార్కెటింగ్ చూసుకుంటున్నరు. మంచి మనిషి, నన్ను అంకుల్ అని తప్ప పిలవరు. కారు వెనక సీటు, స్టెప్నీ టైరు తీసేసి బరువు తగ్గించినం కాబట్టి, ఇగ ఎవరు నడిపినా ఒకటే, ఆదివారం అక్షయ్ నడిపితే బాగుంటది అని పోయిన మీటింగ్‌ల విశ్వేశ్వర్ గారు అన్నరు.

ఇక్కడ ఒక మాట మీరు గమనించాలె. 'బరువు తగ్గించినం కాబట్టి' అన్నరు. అంటే, ఇంతకుముందు అంకితను ఎందుకు కూర్చోబెట్టినం? సన్నగ ఉంటది కాబట్టి. ఈ హాల్ల ఎవరిని అడిగినా అదే చెప్తరు. ఆ మాట ఎట్ల పుట్టిందో నాకు యాదికుంది. మా టెస్టింగ్ సెక్షన్ల నా కింద పనిచేసే సాయికిరణ్ ఫోన్ల ఒక క్యాలిక్యులేటర్ పట్టుకొచ్చిండు. ఇంటర్నెట్ల గిట్లాంటివి చానా ఉన్నయి. బండి బరువు, పావు మైలుకు పట్టిన టైమ్ పెడితే, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్ ఇస్తుందో అందాజుగ చెప్తది. బరువు అంటే డ్రైవర్‌తో కలిపి. అందుకని గేటు దగ్గర తుక్కు లారీలు తూకం వేసే ధర్మకాంట మీదికి కారు ఎక్కించినం, అంకితను అందుల కూర్చోబెట్టినం. పదకొండు వందల యాభై కిలోలు. సాయికిరణ్ ఆ అంకె అట్లనే కొట్టిండు. క్యాలిక్యులేటర్ అరవై ఏడు హార్స్‌పవర్ అన్నది. ఇంజన్ పని చేసిన వర్క్‌షాపోళ్లు మనకు చెప్పింది నూట డెబ్బై. ఎల్లయ్య అక్కడే నిలబడి, దీనికన్నా మా బావమరిది ట్రాలీ ఆటో నయం అన్నడు. (నవ్వులు) తర్వాత చూస్తే ఏముంది, అది అమెరికా లెక్క, దానికి పౌండ్లు కావాలె. సాయికిరణ్ కిలోలు పెట్టిండు. పౌండ్లల పెడితే నూట నలభై ఎనిమిది వచ్చింది. వర్క్‌షాపోళ్లు చెప్పిన దానికన్నా తక్కువే, కానీ ఆటో కన్నా ఎక్కువే.

ఆరోజు ధర్మకాంట దగ్గర, తేలికగ ఉన్నోళ్లు నడిపితే టైమ్ తగ్గుతది కద సార్, అంకిత తేలిక గద, అని ఎవరో అన్నరు. అన్నది ఎవరో నాకు తెల్వది, కానీ ఆ మాట అందరికీ నచ్చింది. ఎవరినీ నొప్పించని మాట. అంకిత బాగా నడుపుతది అంటే మిగిలినోళ్లు బాగా నడపరని అర్థం వస్తది. సన్నగ ఉంది అంటే ఎవరికీ ఏ బాధా లేదు. అక్షయ్ బాబు నడుపుడు మొదలుపెట్టినంక ఆయనను మాత్రం కాంట మీదికి ఎక్కించలేకపోయినం. చుట్టూ అందరూ చూస్తుంటే ఎక్కను అన్నరు. తర్వాత ఒకరోజు వాచ్‌మన్ తప్ప ఎవరూ లేనప్పుడు ఎక్కిండ్రు. అంకె నేను చెప్పను బాబూ, ఆమెకన్నా ఇరవై ఆరు కిలోలు ఎక్కువ అని మాత్రం చెప్త. (నవ్వులు, చప్పట్లు)

ఇప్పుడు అసలు సంగతికి వస్త. రెండేండ్లు ఆ రన్‌వే మీద మనకు టైమ్ ఒక్కటే ఇచ్చేటోళ్లు. పోయిన నెల నుంచి చివరి గీత దగ్గర స్పీడ్ కొలిచే లైట్లు కూడా పెట్టిండ్రు. స్పీడ్‌తోటి చేసే క్యాలిక్యులేటర్ వేరే ఉంది. బరువు, చివరి స్పీడ్ పెడితే అది కూడా హార్స్‌పవర్ చెప్తది. ఒకే కారు, ఒకే ఇంజన్, రెండు లెక్కలు. రెండూ దగ్గర దగ్గరగ రావాలె. రాకపోతే ఎందుకు రాలేదో చూడాలె. రెండూ అందాజే, గాలి, ఎండ, టైర్లు అన్నీ అందుల కలిసి ఉంటయి, పక్కా కావాలంటే రోలర్ల మీద ఎక్కించి కొలవాలె, అది నాకు తెలుసు. కానీ ఒకేరోజు, ఒకే రోడ్డు మీద ఇద్దరిని పోల్చుడుకు ఈ అందాజే చాలు.

ఆ లైట్లు పెట్టినంక మొదటిసారి పోయిన రోజు, ఇంకా సీటు, స్టెప్నీ తీయకముందు, అంకితకు పదిహేను సెకన్లు పట్టింది. టైమ్ లెక్క నూట నలభై ఎనిమిది, స్పీడ్ లెక్క నూట నలభై ఎనిమిది. అక్షయ్ బాబుకు పదిహేను పాయింట్ తొమ్మిది. ఆయన బరువు ఆయనకు పెట్టి చూసినం. స్పీడ్ లెక్క నూట నలభై ఎనిమిదే. టైమ్ లెక్క మాత్రం నూట ఇరవై ఏడు. ఇరవై ఒక్క హార్స్‌పవర్ ఎటుపోయినట్టు?

(అక్షయ్ తన కుర్చీల నుంచి ఏదో అంటరు)

ఏంది బాబూ? గట్టిగ చెప్పండి, వెనకోళ్లకు వినపడాలె. ఆ రోజు గేర్ సరిగ పడలేదు అంటున్నరు. ఒక్కసారి అయితే నేను కూడా అదే అనుకుందును. మీరు మూడుసార్లు ఉరికించిండ్రు, మూడుసార్లూ గిట్లనే వచ్చింది.

చూడండి, పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు చెప్పులు దొరకక ఇంట్ల ఐదు నిమిషాలు వెతికినోడు, తర్వాత రోడ్డు మీద ఎంత ఉరికినా లేటుగనే వస్తడు. గేటు దగ్గర వాని ఉరుకుడు చూస్తే ఏం తక్కువ ఉండది, టైమ్ చూస్తేనే తక్కువ. కారు కూడా అంతే. చివరి స్పీడ్ ఇంజన్ సంగతి చెప్తది. టైమ్ మొదట్ల ఏం జరిగిందో కూడా చెప్తది. అక్షయ్ బాబు పచ్చ లైటు పడంగనే క్లచ్ మీద నుంచి కాలు గబుక్కున తీస్తరు. టైర్లు అక్కడే గిర్రున తిరుగుతయి, పొగ వస్తది, చూసెటోళ్లు చప్పట్లు కొడతరు, బండి మాత్రం ముందుకు పోదు. అంకిత చేసేటప్పుడు పొగ రాదు, అందుకే ఎవరూ చప్పట్లు కొట్టరు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటదో ఆమె ఎడమ కాలుకు తెలుసు, అక్కడిదాక తెచ్చి, టైర్లు నేలను పట్టుకున్నంకనే మిగిలింది వదులుతది. ఎక్కడ నేర్చుకున్నవమ్మా అని ఒకసారి అడిగిన. నాటు వేసే ముందు మా బురద పొలంల ట్రాక్టర్ తోలిన సార్, క్లచ్ గబుక్కున వదిలితే టైరు అక్కడే తవ్వుకొని దిగబడ్తది, మా నాయిన కట్ట మీద నిలబడి తిట్టేటోడు అన్నది.

ఇగ బరువు సంగతి. ఇరవై ఆరు కిలోలకు ఎంత టైమ్ పోతదో కూడా ఆ క్యాలిక్యులేటర్‌నే అడిగిన. సెకనుల పదో వంతు, ఇంకొంచెం. ఇద్దరి మధ్య తేడా అసొంటి పదో వంతులు తొమ్మిది. అందుల ఒక వంతు బరువుది, ఎనిమిది వంతులు ఎడమ కాలుది. మనం రెండేండ్లు ఆ ఒక్క వంతుకే ఆమెకు పేరిచ్చి, ఎనిమిది వంతులకు ఇయ్యలేదు.



సరే, ఇది ఉత్త లెక్కల తప్పే అయితే నేను మామూలుగనే చెప్పి ఊరుకుందును. కానీ పోయిన సోమవారం క్యాంటీన్ల ముత్యమ్మ నా ప్లేట్ల అన్నం పెడుతూ, సార్ ఆ భానూర్ పిల్ల పదిహేను రోజుల సంది అన్నం పెట్టించుకుంటలేదు, మజ్జిగ తాగి పోతుంది, ఇంట్ల ఏమన్న పరేషానా, జెర అడుగుండ్రి అన్నది. ఇంట్ల ఏమన్న అయిందేమో అనుకొని పిలిచి అడిగిన. మొదలు చెప్పలేదు. తర్వాత, 'బరువు పెరిగితే సీటు పోతది కద సార్, ఇప్పుడు కారు బరువే తగ్గించిండ్రు, నేను ఇంకా తగ్గకపోతే నన్నెందుకు ఉంచుతరు' అన్నది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. ఆ మాట పుట్టించినోడు చెడ్డోడు కాదు, నమ్మినోళ్లు చెడ్డోళ్లు కాదు. మనందరం ఆ పిల్లను మెచ్చుకుంటున్నమనే అనుకున్నం. ఆ మెచ్చుకోలు నమ్మి ఆమె తిండి మానేసింది. ఎనిమిది గంటలు నిలబడి ప్లేట్లు చెక్ చేసే పిల్ల, కడుపుల మజ్జిగ తప్ప ఏం లేకుండ. నాకు బిడ్డలు లేరు. ఉంటే ఇంకా గట్టిగ మాట్లాడేటోన్నేమో.

విశ్వేశ్వర్ గారు, మీరు నాకు ఉద్యోగం ఇచ్చిండ్రు, నా ఆపరేషన్ అప్పుడు హాస్పిటల్‌కు మీ సొంత కారు పంపిండ్రు, ఇవన్నీ నేను మర్చిపోను. నన్ను తిట్టినప్పుడు కూడా తలుపు వేసి తిట్టిండ్రు, నలుగుర్ల తిట్టలేదు. ఇప్పుడు నేను నలుగుర్ల చెప్తున్న, దానికి మన్నించాలె. తలుపు వేసుకొని చెప్తే, ఆ మాట ఆ గదిలనే ఉండిపోతుండె. ఆమె తేలిక అన్నది నలుగుర్లనే కద, ఎనిమిది వంతుల మాట కూడా నలుగుర్లనే చెప్పాలె.

అక్షయ్ బాబూ, మీ స్పీడ్ లెక్క పక్కాగ ఉంది, అంటే గేర్లు, స్టీరింగ్, ధైర్యం అన్నీ ఉన్నయి. లేనిది ఒక్కటే, అది నేర్చుకుంటే వచ్చేదే. ఆదివారం తర్వాత భానూర్ పోండి. వాళ్ల నాయిన కట్ట మీద నిలబడి మిమ్మల్ని కూడా తిడతడు. (నవ్వులు) అక్షయ్ బాబు నవ్వుతున్నరు, తల ఊపుతున్నరు. విశ్వేశ్వర్ గారు కూడా నవ్వుతున్నరు, కానీ ఆయన నవ్వు కోపం నవ్వో మామూలు నవ్వో ఇన్నేండ్లయినా నాకు అర్థం కాలేదు.

రన్‌వే వాళ్లకు డ్రైవర్ పేరు చెప్పే బాధ్యత టెస్టింగ్ సెక్షన్‌ది. సాయంత్రం దాక ఆ సెక్షన్ ఇన్‌ఛార్జిని నేనే. పొద్దున ఫోన్ చేసి చెప్పేసిన. అంకిత అని చెప్పిన. సార్, కంపెనీ మీది, రేపటి నుంచి సెక్షన్ సాయికిరణ్‌ది, పేరు మార్చే అధికారం మీకుంది. మార్చేముందు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి, అంతే నా విన్నపం.

ఈ శాలువాకు, ఈ మాటలకు, ఇన్నేండ్ల మీ అభిమానానికి, నేను కాల్చిన ప్లేట్లన్నిటికీ, మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్న.

అంకితా, బయట భోజనాలు వడ్డిస్తున్నరు. నువ్వు అన్నం తిన్నంకనే నేను ఇంటికి పోత.

సెలవు.